ఉప్పుచంద్రుడు, మూడో భాగం

మోర్తాడ్, కాలేజీ హాస్టల్
8 అక్టోబర్ 2025

అత్తా,

ట్రైలర్ చూశావా? చూసే ఉంటావులే. బోధన్‌లో మీ కుట్టుమిషన్ ఆగిపోయి ఉంటుంది, పాల్ రాజ్ మామ కరెంటు స్తంభం దిగి వచ్చి ఉంటాడు. సెలవుల్లో అమ్మ ఫోన్‌లో ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. నీతో మాట్లాడదామంటే బాపు ఇంట్లోనే ఉన్నాడు. బాపు ముందు నీ పేరెత్తితే అమ్మ నా కాలు తొక్కుతుంది, నీకు తెలిసిందే. హాస్టల్‌కు వచ్చాక ఫోనే లేదు. ఆదివారం ఆఫీసు ఫోన్లో ఇంటికి మాత్రం చేయనిస్తారు, అది కూడా వెనకాల ఇంకొకరు భుజం గోకుతుంటే. అందుకని ఉత్తరం. నా జీవితంలో ఇదే మొదటిది, తప్పులుంటే కుట్టేసుకో.

నా పక్క మంచం రమ్య 'ఉప్పుచంద్రుడు' ఒక్క భాగం కూడా చూడలేదట! పుస్తకాలున్నాయని కూడా తెలియదట! నేను ఊరుకుంటానా? మెస్‌లో కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పాను. చంద్రుడి మీద సముద్రాలన్నీ ఎండిపోయి ఉప్పు మిగిలింది, దాని మీద చక్రాల ఓడలు తిరుగుతాయి, ఉప్పుతుఫాను వచ్చిన రోజు జనమంతా కోటలోకి పరుగెత్తుతుంటే రాజు వజ్రకేతు సొంత చెల్లెలు కైరవి బయట ఉండగానే తలుపు వేయించాడు అన్నాను. "సొంత చెల్లెనా?" అంది రమ్య. చపాతీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. కైరవి చావలేదు, ఉప్పులో బతకడం నేర్చుకుంది, ఓడల మీద సైన్యాన్ని కూడగట్టుకుని అదే తలుపు ముందుకొచ్చి నిలబడింది, రెండో భాగం అక్కడికి అయిపోయింది అన్నాను. "మరి తర్వాత?" అంది. తర్వాత ఎవరికీ తెలియదు తల్లీ, పుస్తకం రాసినాయన కూడా రెండో పుస్తకం అక్కడే ఆపేశాడు, మూడోది నేరుగా సినిమాకే రాశాడు అంటే నన్ను కొట్టడానికి వచ్చింది. ఇప్పుడు మా గదిలో ఇద్దరం పిచ్చివాళ్లం.

అసలు సంగతికి వస్తాను. ట్రైలర్ సగం దాటాక, ఓడలు తిరగబడే దాని తర్వాత, ఒక చెయ్యి కోట తలుపు గడియ మీద పడుతుంది చూడు. ఆ వేలికి ఉంగరం లేదు, ఉంగరం అచ్చు మాత్రం ఉంది. అది రాజముద్ర ఉంగరం! వజ్రకేతు తీసేశాడు! రాజ్యం వద్దనుకున్నవాడే ఉంగరం తీస్తాడు. తలుపు తీస్తాడు అత్తా. రాసి పెట్టుకో.

నవంబర్ మూడో ఆదివారం మాకు ఔటింగ్. సినిమా అంతకు ముందు శుక్రవారమే వస్తోంది. అమ్మ నన్ను నిజామాబాద్ తీసుకొస్తానంది, కంఠేశ్వర్ దగ్గరి హాల్లో మధ్యాహ్నం ఆటకు టికెట్లు కూడా తీస్తానంది. నీకూ మామకూ కలిపి. బాపుకు బట్టల షాపుకని చెబుతుందట, పోయినసారిలాగే.

ఇంకొక్క కోరిక. కైరవి నల్ల ముసుగు అంగీ కుడతావా? నాకు?

నీ కోడలు
త్రివేణి

బోధన్
14 అక్టోబర్ 2025

నా బంగారు కోడలికి,

నీ ఉత్తరం వచ్చినప్పుడు దుకాణంలో ఇద్దరు ఆడవాళ్లు జాకెట్ల కోసం కూర్చుని ఉన్నారు. "ఒక్క నిమిషం" అని చదవడం మొదలుపెట్టాను. అయిపోయేసరికి వాళ్లు లేచి వెళ్లిపోయారు. పోనీ, రేపొస్తారు.

ట్రైలర్ చూడకుండా ఉంటానా! మన నవీపేట్ ఇంట్లో ఉన్నప్పుడు లైబ్రరీ నుంచి ఆ పుస్తకం తెచ్చి నీకు చదివి వినిపించింది ఎవరు? రెండో తరగతి పిల్లవి, ఉప్పుతుఫాను రాగానే నా చీర కొంగులో దూరేదానివి. మూతి బయటపెట్టి "అయిపాయెనా అత్తా" అనేదానివి. ఇప్పుడు నాకే పాఠం చెబుతున్నావు.

ఉంగరం సంగతి నేనూ చూశాను. ఆపి ఆపి చూశాను. అది వజ్రకేతు చెయ్యి కాదు, సేనాపతి చెయ్యి. గోళ్లు చూడు, రాజు గోళ్లు అలా ఉంటాయా? వజ్రకేతు తలుపు తీయడు. తీసేవాడైతే ఆ రోజే తీసేవాడు. కోట గోడ మీద నిలబడి చెల్లెలు తుఫానులో కొట్టుకుపోతుంటే చూశాడు, రెండు భాగాలు గడిచినా ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. అలాంటివాడు మారడు. కైరవి తలుపు బద్దలు కొట్టుకుని లోపలికి వెళుతుంది. నేను చెబుతున్నాను, వాడు గనక తలుపు తీస్తే నా పేరు మార్చుకుంటాను.

మీ మామకు ఈ గొడవేమీ పట్టదు. ఆయనకు కావలసింది కైరవి భుజం మీది ఇనుపకాకి. ప్రతి మాటకూ చివరి ముక్క మరిచిపోయే ఆ కాకి మాటలే మాట్లాడుతున్నాడు ఇంట్లో. పొద్దున "జ్యోతీ, నాకు కొంచెం..." అంటాడు, ఆగిపోతాడు. చాయో నీళ్లో నేనే కనిపెట్టాలి. చర్చిలో డోలక్ వాయించేటప్పుడు కూడా పాట చివర చెయ్యి ఎత్తి ఆపేశాడట. పాస్టరు గారు కోప్పడ్డారు.

అంగీ కుట్టకపోతే నేనేం అత్తను! నల్ల బట్ట చించేశాను, ముసుగుకు వెండిరంగు లైనింగ్ వేస్తున్నాను. కొలత నీ పాత డ్రెస్సుదే తీసుకున్నాను. పెరిగి ఉంటే చెప్పు.

ఆ ఆదివారం ఎవరికీ అనుమానం రాకుండా బయటికి రా. నల్ల అంగీ పట్టుకుని నేను గేటు దగ్గర కాచుకుని ఉంటాను. ముసుగు వేసుకున్నావంటే నిన్ను ఎవరూ గుర్తుపట్టలేరు. ఆ తర్వాత మనల్ని ఆపేవాడు ఈ చంద్రుడి మీదే లేడు!

ఎవరికీ చూపించకు.

ఇట్లు
నీ ఇనుపకాకి

మోర్తాడ్
20 అక్టోబర్ 2025

అత్తా,

ఒప్పుకోను! ఒప్పుకోను! రమ్య కూడా ఒప్పుకోదు. సేనాపతికి ఎడమ చేతికి నాలుగు వేళ్లే కదా, మొదటి భాగంలో ఓడ చక్రం కింద పడి ఒకటి పోయింది. ట్రైలర్లోదీ ఎడమ చెయ్యే, ఐదు ఉన్నాయి. ఇప్పుడేమంటావు?

నువ్వు వజ్రకేతును ఊరికే రాక్షసుడిని చేస్తున్నావు. నాకు వాడంటే జాలి. నిజంగా. తలుపు వేసిన మరునాటి నుంచి వాడు కోట దిగిరాలేదు, గమనించావా? నవ్వడు. పండగలు చేయనివ్వడు. రెండో భాగంలో చెల్లెలి గదికి తాళం వేసి తాళంచెవి మెడలో వేసుకున్నాడు, పారేయలేదు. తప్పు చేసినవాడికి ఆ తప్పు ఒప్పుకోవడం చేతకాదు, అంతే. అన్నేళ్లు తలుపేసుకుని లోపల కూర్చున్నవాడికి మాత్రం ఏం సుఖం? కైరవి ఎంతసేపూ సైన్యాలూ ఓడలూ అంటుంది గానీ, ఒక్కసారి వెళ్లి తలుపు తట్టొచ్చు కదా! "అన్నా" అని ఒక్కసారి పిలవొచ్చు కదా! ఆమెకూ పంతమే. నాకు కైరవి అంటే ప్రాణమే కానీ ఈ విషయంలో తప్పు ఆమెది కూడా ఉంది.

రమ్య ఏమంటుందంటే, ఇద్దరినీ ఒక గదిలో పెట్టి బయట గడియ వేయాలట. అప్పుడు మూడో భాగం అవసరమే ఉండదట.

అంగీ చేతులు ఒక జానెడు పొడుగు పెట్టు. మామకు చెప్పు, ఇనుపకాకి ఈసారి చచ్చిపోతుందని మా గదిలో అనుకుంటున్నాం. ఏడవకుండా ఇప్పటినుంచే గట్టిగా ఉండమను.

నీ త్రివేణి

బోధన్
25 అక్టోబర్ 2025

త్రివేణికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నిన్నొక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఇది నువ్వే రాశావా, ఎవరైనా రాయించారా? మీ అమ్మ చెప్పిందా? లేక మీ బాపే నీతో చెప్పించాడా?

"తప్పు ఆమెది కూడా ఉంది" అన్నావు. "ఒక్కసారి తలుపు తట్టొచ్చు కదా" అన్నావు. పదహారేళ్ల పిల్లవు, నీకు తెలియనివి చాలా ఉన్నాయి.

నేను తట్టాను. మీ బాపు వద్దన్న నా పెళ్లి కార్డు పట్టుకుని నవీపేట్ వచ్చాను, ఒక్కదాన్నే, బస్సులో. "అన్నా" అని పిలిచాను కూడా. మీ అమ్మ బయటికి వచ్చి ఇంట్లో లేడంది. మీ అమ్మను నేనేమీ అనను, ఆమె కళ్లలో నీళ్లున్నాయి. కార్డు అరుగు మీద పెట్టి వచ్చేశాను. పెళ్లి రోజు చర్చిలో అందరూ ముందుకు చూస్తుంటే నేను మాత్రం వెనక తలుపు వైపే చూశాను. పాస్టరు గారు రెండోసారి అడిగితే గానీ నాకు వినపడలేదు. మీ మామ నా వేలు పట్టుకుని గిచ్చాడు. ఎనిమిదేళ్లయింది. పాల్ రాజ్ మంచివాడా చెడ్డవాడా అని కూడా మీ బాపు ఇంతవరకు ఎవరినీ అడగలేదు.

నన్ను మెల్లగా మెత్తబరచడానికి సినిమాను అడ్డం పెట్టుకుని ఉంటే, అది బాగా లేదు. మన ఇద్దరికీ ఉన్నదే అదొక్కటి. దాన్ని కూడా ఈ పంచాయితీలోకి తేవద్దు.

ఆదివారం నేను రాను. మీ అమ్మతో కలిసి చూడు. అంగీ మీ అమ్మకు అందేలా చేస్తాను.

ఆరోగ్యం జాగ్రత్త.

జ్యోతిరాణి

మోర్తాడ్
31 అక్టోబర్ 2025

అత్తా, అత్తా, అత్తా!

ముందు ఒట్టు పెట్టి చెబుతున్నాను, నేను వజ్రకేతు గురించే రాశాను! ఉప్పుచంద్రుడి మీది వజ్రకేతు గురించి! బాపు నాకు మనసులోకి కూడా రాలేదు. నీ ఉత్తరం చదివి, మళ్లీ నేను రాసింది గుర్తు తెచ్చుకుంటే, అప్పుడు చెమటలు పట్టాయి. ఎవరూ రాయించలేదు. నువ్వు తలుపు తట్టిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. తెలిసి ఉంటే ఆ మాట రాసేదాన్నేనా?

ఏడుస్తూ కూర్చున్నాను. ఆ ఏడుపే కొంప ముంచింది.

మా వార్డెన్ జ్ఞానమ్మ మేడం గదికి వచ్చి ఎందుకు ఏడుస్తున్నావంది. ఏం లేదన్నాను. దిండు ఎత్తింది. నీ ఉత్తరాలు దొరికాయి. పైన ఉన్నది నువ్వు రాసిన మొదటిది. ఆ ముక్కలు గుర్తున్నాయా నీకు? ఎవరికీ అనుమానం రాకుండా బయటికి రా, నల్ల అంగీ పట్టుకుని గేటు దగ్గర ఉంటాను, ముసుగు వేసుకుంటే ఎవరూ గుర్తుపట్టలేరు, ఎవరికీ చూపించకు! మేడం చివరి దాకా చదివి, చివరి పేరు చూసి, "ఎవడే ఈ ఇనుపకాకి?" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వడం ఇంకా పెద్ద తప్పయింది. మేడం నేరుగా వెళ్లి బాపుకు ఫోన్ చేసింది. మీ అమ్మాయి ఎవరితోనో వెళ్లిపోయేందుకు సిద్ధంగా ఉంది, వెంటనే రండి అని.

బాపు వచ్చాడు. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు అట్లనే వదిలేసి, పొలం బట్టల్లోనే, బండి మీద. చెప్పులకు మట్టి. ఆఫీసు గది గుమ్మం దగ్గర నా ముఖం చూశాడు. మేడం ఉత్తరం చేతిలో పెట్టింది. "చదవండి. ఎవరో కనుక్కోండి. మేం పోలీసులదాకా పోవాలా వద్దా చెప్పండి" అంది.

బాపు ఉత్తరం తెరిచాడు. మొదటి వాక్యం కూడా చదివి ఉండడు అత్తా. అట్లనే చూస్తూ ఉండిపోయాడు. మేడం మళ్లీ అడిగింది, "ఎవరండీ ఈ ఇనుపకాకి? మీకు తెలుసా?"

"తెల్సు మేడం," అన్నాడు బాపు. "మా చెల్లె."

మా చెల్లె! ఎనిమిదేళ్లుగా బాపు నోట ఆ మాట వినలేదు. మేడం నమ్మలేదు. చెల్లెలు ఇట్ల రాస్తుందా అంది. "గామె గంతే మేడం, చిన్నప్పటిసంది కథలంటే పానం. 'క' రాస్తె తోక గిట్ల కిందికి గుంజుతది, సూడుండ్రి," అని బాపు వేలు పెట్టి చూపించాడు. తర్వాత నేను మొత్తం కథ చెప్పాను, ఓడలు, ఉప్పు, కాకి, అన్నీ. మేడం ముఖంలో నవ్వు రాలేదు గానీ కుర్చీలో వెనక్కి ఆనుకుంది. అయినా దాచినందుకు నా ఔటింగ్ రద్దు చేసింది. నవంబర్ మొత్తం. ఎంత బతిమాలినా వినలేదు.

బాపు రెండో ఉత్తరం కూడా ఇమ్మన్నాడు. ఇవ్వనన్నాను. చెయ్యి చాచి అట్లనే నిలబడ్డాడు. ఇచ్చేశాను, నన్ను క్షమించు. వరండాలో బెంచీ మీద కూర్చుని చదివాడు. నువ్వు కోపంగా రాసింది కూడా. నేను స్తంభం చాటున నిలబడి చూశాను. తర్వాత నన్ను పిలిచి ఏమడిగాడో తెలుసా?

"గా వజ్రకేతు తలుపెందుకు ఏసిండట?"

"ఇంకా తెల్వదు బాపూ, మూడో భాగంల చెప్తరట," అన్నాను.

"ఎప్పుడొస్తదది?"

చెప్పాను. టికెట్లు అమ్మ తీసిందని, ఇప్పుడు నా సీటు ఖాళీ అని, నీ పక్కదే అని కూడా చెప్పాను. ఇంక ధైర్యం చేసి, "నా బదులు నువ్వు పో బాపూ, హాస్టలంత చూసినంక నాకొక్కదానికే తెల్వకుంటుంటది, నువ్వు చూసి చెప్పు," అన్నాను. బాపు ఉత్తరాలు నాకిచ్చి, బండి స్టార్ట్ చేసి, గేటు దాకా వెళ్లి, మళ్లీ ఆగి, "మంచిగ తింటున్నవా?" అని అడిగి వెళ్లిపోయాడు.

వస్తాడో రాడో నాకు తెలియదు. కానీ నువ్వు వెళ్లు అత్తా. నా కోసం వెళ్లు. తలుపు సంగతి నువ్వు చెబితేనే వింటాను, ఇంకెవరు చెప్పినా చెవులు మూసుకుంటాను.

నీ త్రివేణి

బోధన్
17 నవంబర్ 2025

త్రివేణీ, నా తల్లీ,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్న జరిగింది ఇవాళ రాస్తున్నాను. ఉదయం నుంచి ఒక్క జాకెట్‌కు రెండు కుడి చేతులు కుట్టాను.

నేను వెళ్లకూడదనే అనుకున్నాను. మీ మామ ఆదివారం చర్చి నుంచి వచ్చి, బట్టలు కూడా మార్చకుండా గుమ్మంలో నిలబడి, "జ్యోతీ, బస్సుకు టైమ్..." అని కాకిలాగా ఆగిపోయాడు. నేను కదలలేదు. అప్పుడు మామూలు గొంతుతో, "వస్తె వస్తడు, రాకుంటె రాడు. సినిమా అయితె వచ్చింది గద. ఇన్నేండ్లసంది సూస్తున్నవ్ దాని కోసం," అన్నాడు. లేచాను.

హాలు దగ్గర జనం ఎంత మందనుకున్నావు! పిల్లలు ముఖాలకు తెల్లరంగు పూసుకుని, అట్టలతో చేసిన ఓడచక్రాలు వీపుకు కట్టుకుని వచ్చారు. ఒక మరాఠీ కుటుంబం, ధర్మాబాద్ నుంచట, తాతతో సహా అందరూ నల్ల ముసుగులే. నీ అంగీ నేను చేతి మీద వేసుకుని ఉంటే ఒక అమ్మాయి వచ్చి లైనింగ్ తిప్పి చూసి, "ఎక్కడ కుట్టించిండ్రు ఆంటీ?" అని అడిగింది. ఎంత పొంగిపోయానో! నా దుకాణం పేరు చెప్పాను.

మీ అమ్మ టికెట్లు మామ ఫోన్‌కు పంపింది గానీ తను రాలేదు. నాకటు పక్క మామ, ఇటు పక్క నీ సీటు ఖాళీ. లైట్లు తీసేశారు. ఉప్పు మీద మొదటి ఓడ కనిపించగానే హాలంతా ఈలలు. నేనూ వేశాను, రెండు వేళ్లు పెట్టుకుని. అప్పుడు మా వరుస చివర ఎవరో ఫోన్ లైటు వేసుకుని, అందరి మోకాళ్లు తొక్కుకుంటూ, "జరుగుండ్రి, జరుగుండ్రి," అంటూ వస్తున్నారు. ఆ గొంతు నాకు తెలుసు. నేను తెర వైపే చూశాను. వచ్చి నీ సీట్లో కూర్చున్నాడు. పక్కకు తిరగలేదు నేను. వడ్ల దుమ్ము వాసన వచ్చింది.

తెర మీద కైరవి ఓడ మీద నిలబడి సైన్యంతో మాట్లాడుతోంది. అప్పుడు ఇటు పక్క నుంచి మెల్లగా,

"గీమె ఎవరు?"

ఎనిమిదేళ్ల తర్వాత మీ బాపు నాతో అన్న మొదటి మాట అది, త్రివేణీ. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "గామెనే కైరవి," అన్నాను.

"గట్లయితె గా ముసలోడు?"

"పడవల పెద్ద. ఈమెను ఉప్పులకెళ్లి తీసి సాదింది గాయననే."

"గా కాకి ఏందే, మాట సగంల ఇడుస్తది?"

అటు పక్క నుంచి మీ మామ ఆగలేకపోయాడు. నా మీదుగా వంగి, "దానికి ఒక నట్టు ఊడిపోయింది, మొదటి భాగంల," అన్నాడు. వెనక సీటువాళ్లు "అన్నా, చుప్" అన్నారు. ముగ్గురం తగ్గాం. మళ్లీ రెండు నిమిషాలకు, "గదేంది, చంద్రుని మీద గాలెక్కడిది?" అన్నాడు. నువ్వు చిన్నప్పుడు అడిగిన ప్రశ్నే. నీ పోలిక ఎక్కడిదో నాకు నిన్న తెలిసింది.

ఇంటర్వెల్‌లో లేచి బయటికి వెళ్లాడు. వెళ్లిపోయాడనే అనుకున్నాను. మీ మామ నా చెయ్యి పట్టుకున్నాడు. లైట్లు తీసేసే ముందు కాగితంలో సమోసాలు పట్టుకుని వచ్చాడు. ఒకటి నా ఒళ్లో పెట్టాడు. ఇంకొకటి నా ముందు నుంచి చెయ్యి చాపి, మీ మామ వైపు చూడకుండా, "తీస్కో బావా, వేడిగున్నయ్," అన్నాడు.

బావా అన్నాడు. మీ మామ ఆ సమోసా తినలేదు. సినిమా అయిపోయేదాకా చేతిలోనే పట్టుకున్నాడు, అది పిండి పిండి అయిపోయింది.

ఆ తర్వాత తలుపు ఘట్టం వచ్చింది. మనం ఇన్నాళ్లు కొట్టుకు చచ్చిన ఘట్టం! సైన్యం ఆగిపోయింది, చప్పుడు లేదు, కైరవి ఒక్కతే నడుచుకుంటూ వెళుతోంది. హాల్లో ఎవరూ ఊపిరి పీల్చడం లేదు. సరిగ్గా అప్పుడే మీ బాపు, తెర వైపే చూస్తూ,

"నువ్వు కార్డు తెచ్చిననాడు నేను లోపల్నే ఉన్న," అన్నాడు.

"తెల్సు," అన్నాను. "నీ చెప్పులు గడప ముందట్నే ఉండె."

నా వైపు తిరిగాడు. నేనూ తిరిగాను. ముఖం సగం చీకటి, సగం ఉప్పు వెలుతురు. జుట్టు ఎంత తెల్లబడిందో త్రివేణీ! నాకెవరూ చెప్పలేదు. "లేద్దామనుకున్న. లేవనే లేకపోయిన. తర్వాత రోజుకింత గట్టిపడుకుంట పోయింది. ఏ ముఖం పెట్టుకొని రావాలె?" అన్నాడు. "ఉన్న ముఖమే పెట్టుకొని రావాలె, ఇంకెక్కడ తెస్తవ్," అన్నాను. నాకు ఒక్కసారిగా ఎంత కోపం వచ్చిందో! భుజం మీద కొట్టాను. గట్టిగానే. రెండుసార్లు. కొట్టి, అదే భుజం పట్టుకుని ఏడ్చాను. చుట్టూ జనం ఈలలు వేస్తున్నారు, కాగితాలు ఎగరేస్తున్నారు, మరాఠీ తాత కుర్చీ ఎక్కి అరుస్తున్నాడు, నా మీద కాగితం ముక్కలు పడుతున్నాయి. మా కోసం కాదు అదంతా, అయినా నాకు మా కోసమే అన్నట్టుంది.

బస్టాండుదాకా ముగ్గురం నడిచే వచ్చాం. బస్సు ఎక్కుతుంటే మీ బాపు మామతో, "మా దిక్కు వైర్లు కిందికి వేలాడుతున్నయ్ బావా, ఒకపారి వచ్చి సూస్తవా?" అన్నాడు. ఆ లైను డ్యూటీ మీ మామది కాదు, వేరే లైన్‌మన్‌ది. అయినా వస్తానన్నాడు.

ఇక రాయలేను. కళ్లు మసకబారుతున్నాయి.

నీ అత్త
జ్యోతిరాణి

మోర్తాడ్
21 నవంబర్ 2025

అత్తా!

మెస్‌లో నిలబడే చదివాను. "బావా" దగ్గర అరిచేశాను, అందరూ పామొచ్చిందనుకున్నారు. రమ్యకు ఇచ్చాను, అది చదివి ముక్కు చీదుకుంది. తర్వాత ఏం చేశానో చెప్పనా? మంచం మీద ఎగిరాను. ఎగిరి ఎగిరి పట్టీ విరగ్గొట్టాను. ఎనిమిదేళ్లు అమ్మ నా కాలు తొక్కినందుకు ఇప్పుడు బాపు ముందే వంద సార్లు నీ పేరు చెబుతాను.

కానీ అత్తా, ఎంత అన్యాయం! పేజీలకు పేజీలు రాశావు. సమోసా రాశావు. మరాఠీ తాతను రాశావు. తలుపు సంగతి ఏది? తెరుచుకుందా? బద్దలైందా? కైరవి ఒక్కతే నడుచుకుంటూ వెళుతోంది అని రాసి, అక్కడ ఆపి, చెప్పుల దగ్గరికి వెళ్లిపోయావు! ఇక్కడ సగం హాస్టల్ సినిమా చూసి వచ్చింది. నేనూ, నా కోసం ఔటింగ్ మానుకున్న రమ్యా చెవుల్లో దూది పెట్టుకుని తిరుగుతున్నాం. కెమిస్ట్రీ క్లాసులో కూడా.

ఇంకో వింత. జ్ఞానమ్మ మేడం నిన్న కారిడార్లో నన్ను ఆపి, చుట్టూ చూసి, "మీ అత్త ఏమైనా రాసిందా? తలుపు ఎవరు తీశారట?" అని అడిగింది. ఇంకా తెలియదు మేడం అన్నాను. నమ్మలేదు. దాస్తున్నానని మళ్లీ కోప్పడింది!

వెంటనే రాయి. ఒక్క ముక్క. తీశాడా, తీయలేదా?

త్రివేణి

బోధన్
30 నవంబర్ 2025, ఆదివారం

కోడలా,

చెబితే నమ్మవు. నాకు తెలియదు.

ఒట్టు. ఆ ఘట్టంలో నేను మీ బాపు వైపు చూస్తున్నాను, మీ బాపు నా వైపు చూస్తున్నాడు. తల తిప్పేసరికి కైరవి కోట లోపల ఉంది, ఇనుపకాకి నేల మీద పడి ఉంది, అందరూ ఏడుస్తున్నారు. ఎలా లోపలికి వెళ్లిందో మేమిద్దరం చూడలేదు. చూసింది మీ మామ ఒక్కడే. అడిగితే, "తలుపు... తలుపు మాత్రం..." అని కాకిలా ఆగిపోతున్నాడు. అన్నం పెట్టనని బెదిరించాను. అయినా చెప్పడు.

ఇవాళ పొద్దున్నే మీ బాపూ అమ్మా వచ్చారు. మొదటిసారి మా ఇంటికి. మీ అమ్మ లోపలికి రాగానే నా వంటింట్లో డబ్బాలన్నీ తెరిచి చూసింది, ఎప్పుడూ వచ్చే మనిషిలా. మీ బాపు కాసేపు గుమ్మంలో నిలబడి, టీవీ ఎక్కడుందని అడిగాడు. మొదటి రెండు భాగాలూ చూస్తాడట! నడుమల నుంచి చూస్తే కథ అర్థం కాలేదట, కూతురు చూసి చెప్పమంటే చెప్పలేకపోతే ఎట్లా అంటాడు. పొద్దటి నుంచి కదలలేదు. నేను నీ మాట చెప్పాను, కైరవి ఒకసారి తలుపు తట్టాల్సిందని మా కోడలు అంటుందన్నాను. తెర మీది నుంచి కళ్లు తీయకుండా, "గామె తట్టుడేంది? తీయవలసింది వాడే గద," అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు ఊరికే నిలబడ్డాను.

డిసెంబర్ ఔటింగ్ సంగతి మీ బాపు జ్ఞానమ్మ మేడంతో ఫోన్లో మాట్లాడాడు. పంపిస్తుంది. సినిమా అప్పటికి నిజామాబాద్‌లో ఆడుతుందో లేదో గానీ, ఆడకపోతే ధర్మాబాద్ అయినా వెళదామంటున్నాడు. ఈసారి ఐదుగురం. రమ్యను కూడా తెచ్చుకో, వాళ్ల అమ్మానాన్న ఒప్పుకుంటే. అందాకా దూది తీయకు.

ఇప్పుడు ముందు గదిలో ఒకటే గోల. రెండో భాగం నడుస్తోంది, ఉప్పు మీద ఓడలకు నాలుగు చక్రాలు సరిపోతాయా ఆరు కావాలా అని మీ బాపూ మామా పోట్లాడుకుంటున్నారు. మీ బాపు చెరకు బండ్ల లెక్క చెబుతున్నాడు, మామ కరెంటు స్తంభాలు మోసే లారీ లెక్క చెబుతున్నాడు. మీ అమ్మ మధ్యలో కూర్చుని ఇద్దరినీ నోరు మూయమంటోంది. నన్ను పిలుస్తున్నారు, తీర్పు చెప్పమని. ఇద్దరికీ తెలియదు, చక్రాలు ఎనిమిది. వెళ్లి చెప్పి వస్తాను.

నీ అత్త
జ్యోతిరాణి